ప్రళయనేత్రం పేలిన సాయంత్రం

ఆ ఆదివారం ఉదయం నిరంజన్ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఇడ్లీలు తినాలి. ఆటో పిలవాలి. సరోజినీ నగర్ క్వార్టర్స్ నుంచి ఆర్.కె.పురం పార్కుకి ప్రళయనేత్రాన్ని భద్రంగా చేర్చాలి. సాయంత్రం తెలుగు సంఘం వార్షికోత్సవంలో నాటకం ఆడించి, రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరాలి.

ప్రళయనేత్రం అంటే అంతరిక్ష నౌక ముక్కుకి బిగించే మహాయుధం. ఒక్కసారి పేలిస్తే ఎదురుగా ఉన్న గ్రహం విభూతి అవుతుంది. దానికి తగ్గట్టు నష్టమూ ఉంది. పేలిన మరుక్షణం నౌకలో ఉన్న శక్తి అంతా హరించుకుపోతుంది. దీపాలు ఆరిపోతాయి, ఇంజన్లు ఆగిపోతాయి, పీల్చే గాలి కూడా కరువవుతుంది. గెలిచినవాళ్ళు చీకట్లో దిక్కులేకుండా తేలిపోతుండాల్సిందే. ఈ ఆయుధాన్ని కల్పించినవాడు నిరంజన్. తన కల్పనకు తనే దణ్ణం పెట్టుకునేంత భక్తి అతనికి.

అతను కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. పగలంతా ఎరువుల ఫైళ్ళ మీద సంతకాలు పెడతాడు. కాని డాబా మీద మంచం వేసుకుని పడుకున్న చిన్నప్పటినుంచీ అతని మనసు నక్షత్రాల మధ్యే తిరుగుతూ ఉంటుంది. సంఘం వాళ్ళు ఏటా పౌరాణికమే వేస్తారు. అధ్యక్షుడు అనంతరామయ్యగారికి కిరీటం లేని నాటకం నాటకమే కాదు. ఎన్నో ఏళ్ళు వెంటపడగా ఈసారి ఆయన అరగంట ఇచ్చారు. "చూడు నిరంజన్, జనం లేచి వెళ్ళిపోయారంటే మాత్రం మళ్ళీ నువ్వు స్టేజీ ఎక్కకూడదు. ఒప్పుకుంటావా?" అన్నారు. నిరంజన్ ఒప్పుకున్నాడు.

"ఏమండీ, ఇది తీసుకెళ్ళడం బాగానే ఉంది. ఏప్రిల్లో మన మీద చల్లగాలి ఎవరు విసురుతారు?" అంది భార్య ఛాయాదేవి.

ప్రళయనేత్రానికి పూర్వజన్మలో ఎయిర్ కూలర్ అని పేరు. ఇప్పుడు దానికి వెండి రంగు పడింది, ముందు పెద్ద గాజు కన్ను వచ్చింది, చుట్టూ తీగలు పాకాయి. నాటకంలో నౌకాధిపతి ఛాయాదేవే. మొదట అనుకున్న సుభాషిణిగారు 'ఈ వయసులో గ్రహాలు పేల్చనా?' అని తప్పుకోవడంతో ఈ భారం ఇంటిమీదే పడింది.

"ఛాయా, ఇప్పుడది కూలర్ కాదు," అన్నాడు నిరంజన్.

"పాపా, కూలర్ హీ తో హై," అంది పదేళ్ళ అక్షర, అది కూలరేగా నాన్నా అన్నట్టు, పాలు తాగుతూ. దిల్లీలో పుట్టిన ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గాని నోట్లోంచి రాదు.

ఛాయాదేవి ముందే బస్సులో పార్కుకి వెళ్ళిపోయింది. నిరంజన్ ఆటోలో ఆయుధాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాస్త దూరం పోయాక డ్రైవరు అద్దంలో చూసి, "కూలర్ మరమ్మతుకా, సాబ్?" అని అడిగాడు.

ఆ మాట నిరంజన్ గుండెలో గుచ్చుకుంది. అతని హిందీ ఆఫీసు సర్క్యులర్లు చదివి నేర్చుకున్న హిందీ. దానికి తెనాలి యాస తోడైంది. గొంతు సవరించుకుని, "యే కూలర్ నహీ హై, భయ్యా. వినాశక్ యంత్ర్ హై. ఏక్ బార్ చలేగా తో పూరా గ్రహ్ నష్ట్!" అన్నాడు.

ఒక్కసారి పేలితే గ్రహం మొత్తం నాశనమని అతని భావం. అందులో గ్రహం అన్నది డ్రైవరు చెవిలో గృహంగా పడింది. దిల్లీలో గృహ్ అంటే ఇల్లు కాదు, హోం మంత్రిత్వ శాఖ. పైగా ఆ రోజుల్లో ఏ బస్సులో చూసినా 'అనుమానాస్పద వస్తువులను తాకరాదు' అన్న బోర్డే. డ్రైవరు తరువాతి మలుపులో ఆటోని నేరుగా పోలీస్ స్టేషన్ ఆవరణలోకి పోనిచ్చి, తాళం తీసుకుని, "హోం మినిస్ట్రీ ఉడానే జా రహా హై!" అని, హోం శాఖనే పేల్చెయ్యబోతున్నాడని కేకలు పెడుతూ లోపలికి పరుగెత్తాడు.

ఇన్‌స్పెక్టరు పేరు దహియా. హర్యానా మనిషి. మీసం ముందు వచ్చాక మనిషి వెనక వస్తాడు. ఆయుధాన్ని ఆవరణ మధ్యలో పెట్టించి, చుట్టూ ఇసుక బస్తాలు వేయించి, నిరంజన్‌ని తన గదిలో కూర్చోబెట్టాడు. సంభాషణ అంతా హిందీలోనే నడిచింది.

"ఇది ఆయుధమేనా?"

అబద్ధం చెప్పి బయటపడవచ్చు. నాటకం సామాను అంటే సరిపోయేది. కాని ఆ యంత్రాన్ని ఆయుధం అని పిలిచిన మొదటి మనిషి ఈయనే. నిరంజన్‌కి కళ్ళు చెమర్చాయి.

"అవునండి. ఆయుధమే."

"ఎవరి మీదికి?"

"తమోగ్రహం మీదికి."

"అది ఏ జిల్లా?"

"కాంతి వేగంతో వెళ్ళినా నూరేళ్ళు పడుతుంది సార్."

దహియా కలం ఆపాడు. "అయితే మా స్టేషన్ పరిధి కాదు," అన్నాడు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఇంతకీ ఎలా పేలుతుంది?"

అడిగినవాడు పోలీసు అన్న సంగతి నిరంజన్ ఆ క్షణంలోనే మరిచిపోయాడు. కథంతా చెప్పడం మొదలుపెట్టాడు. తమోగ్రహం అనే చీకటి గోళం దారిలో కనబడ్డ లోకాలన్నిటినీ మింగుకుంటూ వస్తోంది. దాన్ని ఆపగలిగేది ఒక్క నౌకే. నౌకలో నిద్రపోతున్న పిల్లలు. నౌకాధిపతి చేతికింద ఎర్ర మీట. నొక్కితే గ్రహం పోతుంది. నొక్కితే తమ దీపాలూ పోతాయి.

"జనరేటర్ లేదా?" అన్నాడు దహియా.

"లేదు సార్."

"పోయిన కరెంటు మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"ఎవరూ చెప్పలేరు."

"మా ఇంట్లోనూ అంతే," అని దహియా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఇసుక బస్తాల మధ్య ఎండకి ప్రళయనేత్రం ధగధగ మెరుస్తోంది. దాన్ని చూస్తున్నకొద్దీ ఆయన గొంతు తగ్గింది. "నా నడుముకి ఇన్నేళ్ళుగా రివాల్వర్ ఉంది. ఒక్కసారి పేలిస్తే ఎంక్వైరీలు, సంజాయిషీలు. అందుకే ఎప్పుడూ పేల్చలేదు. పెద్ద ఆయుధానికి పెద్ద బాధ ఉండటం న్యాయమే. అది సరే. ఆమె మీట నొక్కిందా, లేదా?"

"అది చివర్లో తెలుస్తుంది సార్."

"ఇప్పుడే చెప్పు."

"చెబితే నాటకం పాడైపోతుంది సార్."

"అచ్ఛా," అన్నాడు దహియా మీసం సవరించుకుంటూ. "అయితే దర్యాప్తు పూర్తయ్యేదాకా నిన్ను వదలను."

బాంబు నిపుణుడు కుక్కతో సహా వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కుక్క ఆయుధాన్ని ఒకసారి వాసన చూసి, దాని నీడలో పడుకుని నిద్రపోయింది. ఈలోగా నిరంజన్‌కి ఫోన్ చేసుకునే అనుమతి దొరికింది. ఇంట్లో అక్షర ఎత్తింది. "అమ్మా, నేను స్టేషన్లో ఉన్నాను. ఆయుధాన్ని పట్టుకున్నారు. కంగారేం లేదు, అనంతరామయ్య తాతగారికి చెప్పు," అన్నాడు.

అక్షర ఉన్నది ఉన్నట్టే చెప్పింది, కాకపోతే హిందీలో: "పాపా కో పులీస్ నే హథియార్ కే సాథ్ పకడ్ లియా."

అనంతరామయ్యగారు ఫోన్ పెట్టి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఫోన్ ఎత్తారు. ముఖ్య అతిథిగా రావలసిన పెద్ద అధికారికి, "మా రచయిత ఆయుధాలతో దొరికిపోయాడండి. తమరు కాస్త ఆలస్యంగా బయల్దేరితే మంచిది," అని విన్నవించుకున్నారు. ఆ అధికారి ఆలస్యంగా కాదు, అసలు బయల్దేరనే లేదు. అక్కడినుంచి అనంతరామయ్యగారు అక్షరని వెంటబెట్టుకుని పార్కుకి పరుగున వచ్చి నాటకం రద్దు, దాని బదులు కోలాటం అని ప్రకటించబోయారు.

"రద్దేమిటండీ?" అంది ఛాయాదేవి. అప్పటికే వెండి జరీ అంచు కుట్టిన నౌకాధిపతి కోటు తొడుక్కుని ఉంది. "ఆయన కూలర్ తప్ప జీవితంలో ఇంకేదీ విప్పలేదు. తప్పకుండా వదిలేస్తారు. వచ్చేసరికి నాటకం లేదంటే మాత్రం మనిషి బతకడు."

"నాటకం సరేనమ్మా. ఆయుధమేదీ?"

అప్పుడు ముందుకొచ్చాడు రాజగోపాల్. వరంగల్ వాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరు, ఆర్.కె.పురంలో ఆ పార్కు ఉన్న సెక్టారులోనే కాపురం. దీపాల బాధ్యత అతనిది. "ఫికర్ జెయ్యకుండ్రి సార్. నేనున్న గద. గ్రహం కాలాలంటే ఒక్క బల్బు సాల్తదా? అసలుకే నాకు గా కూలర్ మీద నమ్మకం లేకుండె," అన్నాడు.

పార్కు రెండో సగంలో ఒక పంజాబీ పెళ్ళి జరుగుతోంది. దానికి డేరాలు వేసిన టెంటు వాళ్ళ దగ్గర మిగిలిన హాలోజన్ దీపాలన్నీ రాజగోపాల్ బతిమాలి తెచ్చాడు. స్టేజీ వెనక వాటిని కన్నులా గుండ్రంగా కట్టాడు. సంఘానికిచ్చిన మీటరు పెట్టెలోంచి వచ్చే కరెంటు దానికి చాలదని తేల్చి, ఎవరూ చూడకుండా తీగని తీసుకెళ్ళి వీధి స్తంభానికే తగిలించాడు.

పొద్దుగూకే వేళకు సైరన్ మోగించుకుంటూ పోలీసు జీపు పార్కులోకి వచ్చింది. జనమంతా ముఖ్య అతిథి వచ్చాడనుకుని లేచి నిలబడ్డారు. సన్నాయి అందుకుంది. ఆడవాళ్ళు హారతి పళ్ళెం తెచ్చారు. నాటకం చివర చూసి దర్యాప్తు ముగిద్దామని జీపులోంచి దిగిన దహియా మెడలో, ఇది అరెస్టా సన్మానమా అని ఆయన తేల్చుకునేలోగా, రెండు బంతిపూల దండలు పడ్డాయి. వెనక నలుగురు కానిస్టేబుళ్ళు ప్రళయనేత్రాన్ని ఊరేగింపు విగ్రహంలా మోసుకొచ్చారు. వాళ్ళ వెనక నిరంజన్.

"వచ్చారా? ఏమైనా తిన్నారా?" అంది ఛాయాదేవి.

"కచోరీ పెట్టారు. ఛాయా, ఆయనకి కథ నచ్చింది!"

రాజగోపాల్ రెండు ఆయుధాలనూ చూశాడు. తీసెయ్యాలంటే దేన్నీ తీసెయ్యాలనిపించలేదు. "రెండూ పెడదాం సార్," అని ప్రళయనేత్రం తీగని కూడా తన తీగకే కలిపేశాడు.

నాటకం మొదలైంది. జనం మొదట్లో గుసగుసలాడారు. కిరీటాలేవీ అని ఒకరు, పాటలు లేవా అని మరొకరు. ఒక కుటుంబం చెప్పులు వెతుక్కోవడం కూడా నిరంజన్ స్టేజీ పక్కనుంచి చూశాడు. ఇంతలో ఛాయాదేవి ఎర్ర మీట దగ్గరికి వచ్చింది. ఇంట్లో పప్పు తాలింపు వేస్తూ అన్నిసార్లు అప్పజెప్పిన మాటలే. కాని ఆమె చెయ్యి మీట మీద ఆగిపోవడం చూసి చెప్పులు వెతుక్కుంటున్నవాళ్ళు కూడా కూర్చున్నారు.

"ఇది నొక్కితే నా పిల్లలు నిద్రలేచేసరికి దీపం ఉండదు. నొక్కకపోతే నిద్రలేవడమే ఉండదు," అంది ఆమె. "నష్టం తెలిసే నొక్కుతున్నాను."

నొక్కింది.

ముందు ప్రళయనేత్రం గుర్రుమంది. దాని గాజు కన్ను ఎర్రబడింది. ఆ వెనక హాలోజన్లన్నీ ఒక్కసారిగా భగ్గుమన్నాయి. దిల్లీలో అంత తెలుపు ఎవరూ చూసి ఉండరు. చెట్ల ఆకులు లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడ్డాయి. అనంతరామయ్యగారు చేత్తో కళ్ళు కప్పుకుంటే వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా వెలుగు వచ్చింది. వీధి చివర ఎక్కడో ఆకాశం విరిగినట్టు ఒక చప్పుడైంది. నీలం రంగు మెరుపు లేచింది. ఆపైన అంతా చీకటి.

స్టేజీ ఒక్కటే కాదు. పార్కు, పెళ్ళి పందిరి, వీధి దీపాలు, క్వార్టర్ల కిటికీలు, దుకాణాలు, కనుచూపు మేర సెక్టారు మొత్తం ఆరిపోయింది. పెళ్ళిలో మోగుతున్న డీజే పాట నడిమధ్యలో తెగిపోయింది. కాలనీకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని ఆ క్షణంలో గ్రహించినవాడు రాజగోపాల్ ఒక్కడే. అతను నోట్లో గుడ్డ కుక్కుకుని స్టేజీ కింద దాక్కున్నాడు.

నాటకం ప్రకారం కాస్సేపటికి తరువాతి రంగానికి స్టేజీ దీపాలు రావాలి. రాలేదు. నౌకా సిబ్బందిగా వేసిన ఇద్దరూ ఫ్యూజు చూడడానికి పరుగెత్తారు. నిరంజన్ నేలమీద చతికిలబడ్డాడు. అంతా అయిపోయిందనుకున్నాడు. అప్పుడు చీకట్లోంచి ఛాయాదేవి గొంతు వినబడింది. అది ఆమెకి రాసిచ్చిన మాట కాదు.

"ఎవరైనా ఉన్నారా?"

కొత్తగా కాపురానికి వచ్చిన ఊళ్ళో తలుపు తట్టినట్టు, ఆమె మళ్ళీ అడిగింది. "ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నానమ్మా," అన్నారు అనంతరామయ్యగారు. ఆ మాట ఆయన నోటినుంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు.

"మేమూ ఉన్నాం," అన్నది మరెవరో. ఇంకో పక్కనుంచి ఇంకొకరు. ఒక ముసలమ్మ తనతో పాటు కోడలు పేరు కూడా చెప్పింది. "ఇన్‌స్పెక్టర్ దహియా, హాజిర్ హై!" అని ముందు వరసలోంచి గట్టిగా వినిపించింది. ఆ తరవాత ఒక చిన్న గొంతు, తడబడుతూ, "నేను... ఉన్నానమ్మా," అంది. అది అక్షర. తెలుగులో.

అప్పుడే ఎవరో తల ఎత్తారు. ఒకరిని చూసి ఒకరు ఎత్తారు. ముందురోజు కురిసిన వానకి ఆకాశం కడిగినట్టుంది. వీధి దీపాలు లేకపోయేసరికి నక్షత్రాలన్నీ ఒకేసారి కిందికి దిగివచ్చాయి. అంత దగ్గరగా, అన్నేసి. పుట్టినప్పటినుంచీ దిల్లీలోనే ఉన్న పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. "అదిగో గొల్లకావిడి," అన్నారు అనంతరామయ్యగారు గుసగుసగా. "అదిగదిగో, పిల్లలకోడి. ఇవి ఇక్కడ కూడా ఉన్నాయా!" ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఆయన ఈ ఊళ్ళో తల పైకెత్తి చూడలేదు.

పెళ్ళివారు ఊరుకోలేదు. పెట్రోమాక్సు లైటు పట్టుకుని, పెళ్ళికొడుకు మేనమామ ముందు నడవగా, కర్రలతో గోడ దాటి వచ్చారు. "ఎవడ్రా మా పెళ్ళి పాడుచేసింది?" అని మేనమామ గర్జించాడు. వందలమంది జనం ఉలుకూ పలుకూ లేకుండా పైకి చూస్తూ నిలబడ్డారు. వాళ్ళ మధ్య మెడలో దండలతో, టోపీ చేతిలో పట్టుకుని, ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు కూడా పైకే చూస్తున్నాడు. మేనమామ కూడా చూశాడు. కాసేపటికి లైటు ఆర్పెయ్యమని తనవాళ్ళకి సైగ చేశాడు. ఆ పెళ్ళి చుక్కల వెలుగులోనే జరిగింది. తెలుగువాళ్ళంతా అక్షతలు వేసి, అక్కడే భోజనాలు చేశారు.

మర్నాడు నిరంజన్ ఆఫీసుకి సెలవు పెట్టి శిక్ష కోసం ఎదురుచూశాడు. రాజగోపాల్ పక్కనే కూర్చున్నాడు. "ఉద్యోగం పోతదంటవా సార్?" అని అడిగాడు.

"మహాయుధం కదా రాజగోపాల్. ఏదో ఒకటి పోవాలి," అన్నాడు నిరంజన్.

సాయంత్రానికి తలుపు చప్పుడైంది. ఆర్.కె.పురం కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, వెనక పదిమంది. చేతిలో మిఠాయి డబ్బా! ఆ ట్రాన్స్‌ఫార్మర్ మార్చమని ఎన్నో ఏళ్ళుగా మొరపెట్టుకున్నా, పనిచేస్తున్నదాన్ని మార్చడం కుదరదని కరెంటు వాళ్ళు తిప్పి పంపేవారట. ఇప్పుడది కాలిపోయింది కాబట్టి మార్చక తప్పలేదు. దానికి రెండింతలది తెచ్చి బిగించారట. ఎలా కాలిందని అడిగితే, పిడుగు పడిందని, తాను కళ్ళారా చూశానని దహియా వాంగ్మూలం ఇచ్చాడట. అనంతరామయ్యగారు కూడా వెనకే వచ్చి, వచ్చే ఏడాదికి నిరంజన్‌కి గంటన్నర ఇస్తున్నట్టు ప్రకటించారు.

అంతా కూర్చుని మిఠాయి తింటుండగా గుమ్మం దగ్గర ఇంకో నలుగురు నిలబడి దగ్గారు. వాళ్ళు పక్క సెక్టారు నుంచి వచ్చారు. నాటకం చాలా గొప్పగా ఉందని విన్నామని, తమ దగ్గర కూడా ఒకసారి వెయ్యాలని చేతులు కట్టుకుని అడిగారు.

"మీకు తెలుగు వచ్చా?" అన్నాడు నిరంజన్ ఆశ్చర్యంగా.

రాదు, కాని వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా పాతదట.